ఉస్తాద్ ముందు పన్ను

మా మెకానిక్ ఉస్తాద్ పోయారు. మొన్న పొద్దున అమీర్‌పేటలో తన దుకాణం షట్టర్ సగం ఎత్తి, ఛాతీ పట్టుకుని అక్కడే కూలిపోయారట. పక్కనున్న టీ కొట్టాయన ఫోన్ చేసి, "సార్, ఉస్తాద్ పోయిండు" అన్నాడు. వెంటనే ఫోన్ పెట్టేశాడు. ఆయన్ని ఎరిగినవాళ్లకి ముందుగా గుర్తొచ్చేది ఆయన పనితనం కాదు, కోపం. నాకు మాత్రం ఆయన నోట్లో లేని ముందు పన్ను గుర్తొస్తుంది. దాన్ని రాలగొట్టింది నేనే.

ఆయన మెత్తటి మనిషని రాస్తే ఆయనకే ఒళ్లు మండుతుంది. చలికాలం వస్తే మరీ అన్యాయం. తడి ఆరకుండా కవరు కప్పిన బండి కనిపిస్తే చాలు, రెక్సిన్ కోసే కత్తి తీసి ఆ కవరును నిలువునా చీరేసేవారు. ఒకసారి హాస్టల్లో ఉండే ఒకతను కొత్త కవరండీ అని అడ్డం వస్తే, అతన్ని కాలర్ పట్టుకుని గోడకు అదిమిపెట్టి మరీ పాఠం చెప్పారు.

"వానకు అందరు భయపడ్తరు. మంచుకు ఎవ్వడు భయపడడు. వాన కొట్టి పోతది. మంచు కూసొని ఇనుమును తింటది. నువ్వు కవరు కప్పి దానికి ఇల్లు కట్టిచ్చినవ్."

ఇంకోసారి ఒక బండి హ్యాండిల్‌కు దిష్టికని కట్టిన నిమ్మకాయల దండను పీకి రోడ్డు మీదికి విసిరికొట్టారు. ఆ పులుపంతా బ్రేకు తీగ మీదికి కారుతోందట. బండాయన చెయ్యెత్తాడు. ఉస్తాద్ పానా ఎత్తారు. టీ కొట్టు ముందు గ్లాసులు పగిలాయి. చివరికి ఆ తీగను ఊడదీసి అతని కళ్ల ముందే రెండు వేళ్లతో పుటుక్కున తెంచి, "దిష్టి తర్వాత, ముందు బ్రేకు పడాలె గదా" అన్నారు. అతను కొత్త తీగకు డబ్బులు తీశాడు.

ఇక నా సంగతి. మా నాన్న పోయాక ఆయన బండిని సముద్రం ఒడ్డునున్న మా ఊరి నుంచి రైల్లో వేయించి తెచ్చుకున్నాను. దాన్ని నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోరని నాకో గొప్ప. ప్రతి ఆదివారం బకెట్ల కొద్దీ నీళ్లు పోసి షాంపూతో కడిగేవాణ్ని. ఎవరైనా చెయ్యి వేస్తారేమోనని తడి మీదే కవరు కప్పేవాణ్ని. దసరాకి ఆయుధపూజ కదా అని, అక్కడక్కడా లేచిన తుప్పు మీద నల్ల రంగు పూసి, పసుపూ కుంకుమా పెట్టాను. బండి పెళ్లికొడుకులా ఉందని నేనే మురిసిపోయాను.

ఆ చలికాలంలో ఒక పొద్దున, ఏడో నెల కడుపుతో ఉన్న నా భార్యని పంజాగుట్టలో డాక్టరుకి చూపించాలని బయల్దేరాం. మంచులో హెడ్‌లైట్ వెలగడం లేదని ఉస్తాద్ దగ్గర ఆపాను. అప్పటికి ఆయనతో నాకు ముఖపరిచయమే. బల్బు మారుస్తున్న మనిషి ఉన్నట్టుండి వంగి, సీటు కింది గొట్టాన్ని గోటితో గీకారు. లేచి మా ఆవిడతో, "జర పక్కకు నిలబడు బిడ్డా" అన్నారు. ఒక స్క్రూడ్రైవరు మొనను గొట్టానికి ఆనించి, సుత్తితో దాని పిడి మీద ఒక్కటి వేశారు.

నాకు కనిపించింది ఒక్కటే, ఎవడో మా నాన్న బండిని సుత్తితో కొడుతున్నాడు. "ఏంటి నువ్వు చేసేది" అంటూనే పిడికిలి బిగించి ఆయన నోటి మీద గుద్దాను. ఆయన తూలితే మళ్లీ గుద్దాను. మూడోది గుద్దబోతుంటే టీ కొట్టాయన నన్ను వెనక నుంచి వాటేసుకున్నాడు. ఉస్తాద్ నెత్తురు ఉమ్మారు, దాంతో పాటు పన్నూ పడింది. ఆయన వంగి సుత్తి తీసుకున్నారు. నా తల పగిలిందే అనుకుని రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాను.

ఆయన నన్ను కొట్టలేదు. మళ్లీ ఆ గొట్టం మీదే కొట్టారు. స్క్రూడ్రైవరు పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే ఎర్రటి నీళ్లు, పెచ్చులు పెచ్చులుగా తుప్పు రాలాయి. నేను పూసిన నల్ల రంగు తప్ప అక్కడ ఇనుమే లేదు.

"దీని మీద కూసుండబెట్టి తీస్కపోతవా పిల్లను?" అన్నారు, నెత్తురు కారుతున్న నోటితోనే. తర్వాత ఆటోను పిలిచి మా ఆవిణ్ని ఎక్కించారు.

నేను కాళ్లు పట్టుకోబోతే తిట్టారు. ఆ గొట్టం ముక్కను కోసి, కొత్తది అతికించి, బండిని నాకిచ్చేశారు. కోసిన ముక్కను దుకాణంలో మేకుకు తగిలించారు. పన్ను కట్టించుకోండి, నేనే తీసుకెళ్తాను అని ఎన్నిసార్లు బతిమాలానో. "లేని పన్నుకు తుప్పు పట్టదు తమ్మీ, ఉండనీ" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నా కుడిచెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదు.

బండి కడిగితే రెండు వీధులు తిప్పి వేడికి ఆరనివ్వడం, తెల్లారి మంచును పాత లుంగీ గుడ్డతో తుడవడం, నట్లకు గ్రీసు రాయడం, అన్నీ ఆయన తిట్లతో నేర్చుకున్నవే. ఏటా చలి మొదలవగానే మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లేవాణ్ని. అదొకసారి, "తాతా, మీ పన్నేమైంది?" అని అడిగేసింది. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. "వంగి చూస్తుంటే కిక్ రాడ్ తగిలింది బిడ్డా" అన్నారు. చచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నారు.

మొన్న ఆయన్ని చూడబోతే దవడ చుట్టూ గుడ్డ కట్టి నోరు మూసేశారు. ఆ ఖాళీ ఆఖరిసారి చూడనైనా లేదు. అంతా అయ్యాక వాళ్లావిడ మేకు మీది గొట్టం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే తీస్కపో సారూ. బొక్క పెద్దగ కావద్దని చలికాలం రోజు నూనె రాసేటోడు దీనికి."

ఈ పొద్దున నేను దానికి నూనె రాస్తుంటే మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. ఆ రంధ్రంలో చిటికెన వేలు పెట్టి చూసి, "ఇదేంటి నాన్నా, కాగితంలా ఉంది" అంది. అమ్మ ఈ గొట్టమున్న బండి మీద డాక్టరు దగ్గరికి బయల్దేరిన రోజు తను కడుపులో ఉందని చెప్పాను. ఉస్తాద్ సుత్తి గురించి చెప్పాను. ఇక ఆగలేకపోయాను.

"తాత పన్ను ఊడింది కిక్ రాడ్ తగిలి కాదమ్మా. నేను కొట్టాను."

అది గొట్టంలోంచి వేలు తీసేసింది. నా కుడిచేతి వైపే చూస్తూ ఉంది. ఆ చేతిలో నూనె గుడ్డ ఉంది.