చీలమండ చిట్లిన స్ట్రైకర్

అతని చీలమండ ఎముక చిట్లిందని నాకు తెలుసు. పత్రికలవాళ్లు అడిగిన రోజున ఆ మాట చెప్పలేదు.

డెబ్బైల చివర అమెరికాలో ఒక ఊరి సాకర్ జట్టుకు నేను డాక్టర్ని. అతను మా స్ట్రైకర్. పుట్టింది ఆ ఊళ్లోనే, తల్లిది ట్రినిడాడ్, రెండు దేశాల పౌరసత్వమూ ఉంది. మైదానంలో ఇద్దరైనా అమెరికన్లు ఉండాలని లీగు నియమం. అందుకని, చీలమండ చిట్లాక కూడా మేనేజరు ప్రతి మ్యాచికీ నాచేత నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించి అతన్ని దింపేవాడు. అప్పుడు మాత్రం అతను నికార్సైన అమెరికన్.

తీరా అమెరికా జాతీయ జట్టు పిలిచేసరికి కాలు నేల మీద మోపలేకపోయాడు. "దెబ్బా లేదు, పాడూ లేదు. వాడి మనసంతా అమ్మ దేశం మీదే," అని అదే మేనేజరు, తను చిట్లిన కాలితో ఆడించిన సంగతి బయటపడకుండా, నా పక్కన నిలబడి పత్రికలకు చెప్పాడు. అంత సిగ్గులేని మాట నేనెక్కడా వినలేదు. విని కూడా, ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను. తర్వాతి మ్యాచికి అతను చంకకర్రలతో వస్తే, "నాటకాలు చాలు, మీ దేశం పో" అని జనం అరిచారు. జాతీయ జట్టు మళ్లీ పిలవలేదు.

పదేళ్లయ్యాక నిజమంతా పత్రికకు ఉత్తరం రాసి, పంపేముందు అతనికి చూపించాను.

"ఇప్పుడెందుకు డాక్? ఆడే వయసు దాటిపోయిందిగా," అన్నాడు.

"ఆడకూడనప్పుడు సూది వేసి ఆడించాను. ఆడలేవని చెప్పాల్సినప్పుడు నోరు మూసుకున్నాను. తప్పు నాది, నన్ను క్షమించు," అన్నాను.