అమ్మ విశ్రాంతి కోసం మలేషియా

మా అమ్మకు విశ్రాంతి కావాలని మా ఇంట్లో మొదట కనిపెట్టింది మా నాయన. పెళ్ళయిన నలభై ఎనిమిదేళ్ళకు కనిపెట్టాడు. అంతకుముందు రోజే ఆయన స్నేహితుడొకడు కుటుంబంతో దుబాయి తిరిగొచ్చి, మా ఇంటికి ఖర్జూరాలు తెచ్చిచ్చి, గంటసేపు ఫోన్లో ఫోటోలు చూపించి వెళ్ళాడు. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని నాయన ఇప్పటికీ అంటాడు. ఆ పొద్దున పలహారం తింటూ, "ఈ ఎండాకాలం మీ అమ్మ పొయ్యి ముట్టకూడదు. ఆరు దినాలు మలేషియా పోతాము, అందరమూ," అని ప్రకటించాడు. అమ్మ అప్పుడు ఆయనకు నాలుగో దోసె వేస్తూ ఉంది. వంటింట్లోంచే "ఎవరికి సెలవంట?" అని అడిగింది.

అప్పటిదాకా మా ఎండాకాలాలన్నీ అమ్మ పుట్టింట్లోనే గడిచాయి. మేముండే కోయంబత్తూరు నుంచి మదురై, అక్కడి నుంచి తిరుమంగళం, అది కూడా దాటి నల్లరేగడి పొలాల మధ్య ఊరు. మే నెలలో అక్కడ పదిరోజులు ఒళ్ళంతా చెమటకాయలు కాయించుకుని, చివర్న బోడినాయకనూరు వెళ్ళి, జీపెక్కి, కొండమీద ఒక పూట చలికి వణికి తిరిగొచ్చేవాళ్ళం. మాకు విదేశమంటే అదే. పుట్టింట్లో కూడా అమ్మ వంటింట్లోనే ఉండేది. కాకపోతే అక్కడ పక్కన వాళ్ళమ్మ ఉండేది.

మలేషియాకు బయల్దేరింది పదకొండు మందిమి. నాయన, అమ్మ, అన్న, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను, నా భార్య, మా కూతురు, అక్క, బావ. ఆ ఆరు రోజుల విశ్రాంతికి ముందు పదిరోజులు అమ్మ నడుం వాల్చలేదు. ఇడ్లీపొడి, నువ్వులపొడి, మురుకులు, పులిహోర కలపడానికి పులుసు, బావకు మాత్రం కారం తక్కువగా ఇంకో పొడి. పెట్టెల్లో అమ్మ చీరలకు చోటు చాలక రెండు ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

ఇక్కడ మా భాష గురించి ఒక మాట చెప్పాలి. మావాళ్ళు తమిళదేశం ఎన్ని వందల ఏళ్ళ కిందట వచ్చారో మాకే సరిగ్గా తెలియదు. మా చదువు తమిళం, వ్యాపారం తమిళం, రోడ్డుమీద తిట్టుకోవడమూ తమిళమే. తెలుగు ఇంట్లో మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక, అదీ పంతానికి. ఇంట్లో మిగిలిన ఎవరికీ చదవడమూ రాయడమూ రాని ఆ తెలుగు మాకు బయట ఒకందుకు బాగా అక్కరకొస్తుంది. ఎదుటి మనిషి ముందే నిలబడి అతని గురించి మాట్లాడుకోవచ్చు. మదురైలో చీరల కొట్లో అమ్మేవాడితో "రొంబ నల్లా ఇరుక్కు" అని మెచ్చుకుంటాం. అదే నవ్వు మొహంతో మాలో మేము "పాతగుడ్డ మాదిరి ఉండాది, లేయండి పోదాము" అనుకుంటాం. కోయంబత్తూరులో ఈ విద్య సాగదు, సగం కొట్లు మావాళ్ళవే. మలేషియాలో తమిళం చాలామందికి వస్తుందని ఎవరో చెప్పగా విని, నాయన విమానంలోనే ఆజ్ఞ వేశాడు. "ఆడ ఏమి మాట్లాడినా మన మాటే మాట్లాడండి. ఒక్కనికీ తెలీదు."

ఇక కౌలాలంపూర్ హోటల్లో మొదటి పొద్దున. పలహారాలన్నీ బల్లలమీద పరిచి ఉన్నాయి, ఎవరికి కావలసింది వాళ్ళు వెళ్ళి పెట్టుకోవాలి. నాయన వెళ్ళి కుర్చీలో కూర్చుని, బల్లమీద రెండు చేతులూ పెట్టుకుని ఎదురుచూశాడు. పక్కన బావ కూర్చున్నాడు, ఆయన అల్లుడు గదా, లేచి తెచ్చుకుంటే మా పరువేం కాను. ఇంట్లో అయితే కోడళ్ళు వడ్డనకు సాయం వస్తారు. ఇది టూరు, వాళ్ళూ టూరుకే వచ్చారు. అక్క పుట్టింటివాళ్ళతో వచ్చిన ఆడపడుచు, ఆమె సంగతి అడగనే అక్కర్లేదు. అమ్మ పళ్ళెం అందుకుంది. నేను లేవబోయాను, అబద్ధమెందుకు, సగం లేచాను కూడా. "నువ్వు కూకో కన్నూ, ఏది యాడ ఉండాదో నీకి తెలీదు," అంది అమ్మ, తాను ఆ హోటల్లోనే పుట్టి పెరిగినట్టు. జీవితంలో ఎవరి మాటా అంత తొందరగా విన్నవాణ్ణి కాను, వెంటనే కూర్చున్నాను.

తొమ్మిదింటికి బస్సు. పదిమందికీ తెచ్చిపెట్టి, రెండోసారి అడిగినవాళ్ళకు మళ్ళీ తెచ్చి, అమ్మ కూర్చునేసరికి టూరు గైడు గుమ్మంలో నిలబడి చేతులూపుతున్నాడు. పిల్లలు కొరికి వదిలేసిన రొట్టె అంచులు, చల్లారిన ఒక ఇడ్లీ, నిలబడే నోట్లో వేసుకుంది. "పారేస్తే పాపం గదా," అంది.

రెండో పొద్దున ఇంకా బాగా జరిగింది. రెండు చేతుల్లో రెండు పళ్ళేలతో వస్తున్న అమ్మకు ఒక తెల్ల ముసలాయన ఖాళీ కప్పు చూపించి ఏదో అడిగాడు. అమ్మ పళ్ళేలు మా బల్లమీద పెట్టి, వెళ్ళి ఆయనకు కాఫీ పట్టుకొచ్చి ఇచ్చింది. ఆయన థాంక్యూ అని అమ్మ చేతిలో నోటొకటి పెట్టబోతే, "అయ్యో వేండాం," అని వెనక్కి జరిగింది. ఆ రోజంతా బస్సులో అదే ముచ్చట. బావ నటించి చూపించాడు. పిల్లలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే నిద్రపోయింది. హోటల్లో అయిదింటికే లేచి స్నానాలగదిలో అందరి బనియన్లూ ఉతికి ఆరేసింది మరి. కిటికీలో ఆ పెద్ద జంట మేడలు వచ్చి వెళ్ళిపోయాయి. మురుగన్ గుహల దగ్గర మేము మెట్లెక్కుతుంటే, మోకాళ్ళ నొప్పని చెప్పి కింద కూర్చుని మా సంచులకు కాపలా కాసింది.

పలహారాల హాల్లో కాఫీ పోసే ఆవిడ ఒకతె ఉండేది. యాభై దాటి ఉంటుంది, నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మాతో నాలుగు ముక్కలు తమిళంలో మాట్లాడేది. ఆమె ఎదుటే మా విద్యంతా ప్రదర్శించాం. "కాపీ పోసేది చూడు, పసిబిడ్డకి మందు పోసినట్టు," అని వదిన. "ఈమె నడిచి వచ్చేలోపల మన టూరు అయిపోతాది," అని బావ. ఆమె జుట్టుకు వేసుకున్న రంగు గురించి మా ఆడవాళ్ళు రెండు పొద్దులు చర్చించారు. ఆమె చిరునవ్వుతో కప్పులు నింపి వెళ్ళిపోయేది.

మూడో రోజు సాయంత్రం నాకు బుద్ధి వచ్చింది. వచ్చిందనే అనుకున్నాను. అమ్మను పక్కకు పిలిచి, "ఏమ్మా, నీ కోసరమే గదా ఈ టూరు. నువ్వు ఒక్క పొద్దన్నా కూకుని వేడిగా తినలేదు. రేపు ముందు నువ్వు తిను, వాళ్ళు తర్వాత," అని గట్టిగా చెప్పాను. అమ్మ "సరి కన్నూ" అంది. నాకు చాలా తృప్తిగా అనిపించింది. నాలుగో పొద్దున హాల్లోకి వెళ్ళి కూర్చుని, ఫోన్ తీసి, పక్కనుంచి అమ్మ చీర కొంగు కనబడగానే తల ఎత్తకుండా "అమ్మా, ఇంకో కాపీ" అన్నాను. చెప్పిన మాట గుర్తొచ్చేసరికి కాఫీ ముందు ఉంది. తాగేశాను.

అయిదో పొద్దున ఆఖరిది, మధ్యాహ్నం విమానం. నాయన ఇంకో రెండు ఇడ్లీలు అడిగాడు, చట్నీ వేరే గిన్నెలో. బావ అట్టు అడిగాడు. అమ్మ రెండు చేతుల్లో పళ్ళేలు పట్టుకుని వస్తోంది. కాఫీ ఆవిడ కూజా పట్టుకుని మా బల్ల పక్కనే నిలబడి చూస్తోంది. "ఈయమ్మ మన తట్టే చూస్తా ఉండాది, దుడ్డు ఏమన్నా ఇస్తామనేమో," అన్నాడు నాయన మన మాటలో, ఇడ్లీ తుంచుతూ.

ఆమె కూజా బల్లమీద పెట్టింది. అమ్మ చేతుల్లోంచి పళ్ళేలు రెండూ తీసుకుంది. "మీరు కూకోండక్కా," అంది. "వాళ్ళకీ కాళ్ళు ఉండాయి గదా."

తెలుగు. మా తెలుగు కంటే పాత తెలుగు, మా అవ్వ మాట్లాడినట్టుంది. వదిన మొహంలో నాలుగు పొద్దుల మాటలూ ఒకటొకటే తిరిగి రావడం నాకు కనిపించింది. బావ ఫోన్లోకి దూరిపోయాడు. నాయన తమిళంలోనే, "ఉనక్కు తెలుంగు తెరియుమా?" అని అడిగాడు.

"మా తాతోళ్ళు రబ్బరు తోటలకి వచ్చినోళ్ళు," అంది ఆమె. "ఇంట్లో ఇదే మాట. నాలుగు దినాలుగా మీ మాటలు ఇంటానే ఉండాను." కోపంగా అనలేదు. ఆ సంగతి అంతటితో ముగించి, ఒక కుర్చీ లాగి, అమ్మ భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. అమ్మ కుర్చీ అంచున కూర్చుంది, ఎవరైనా అడిగితే లేవడానికి వీలుగా.

"ఏమి తింటారక్కా? ఏది కావాలన్నా నేను తెస్తాను."

"ఏదైనా సరే తల్లీ. వాళ్ళకి పోగా ఏది మిగిలితే అది."

"అట్ల గాదు. మీకి ఏది ఇష్టం?"

అమ్మ ఆలోచించింది. బల్లలమీద వరసగా ఉన్న గిన్నెలన్నిటినీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చిన పిల్లలా పెదవి కొరుక్కుంది. తర్వాత నా వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"నాకి ఏది ఇష్టంరా, కన్నూ?"

నాయనకు ఇడ్లీ ఎంత మెత్తగా ఉండాలో నాకు తెలుసు. బావకు కారం పడదని, వదినకు కొబ్బరి గిట్టదని, నా కూతురు రొట్టె అంచులు తినదని తెలుసు. ఇవన్నీ అమ్మ చెప్పగా తెలిసినవే. అన్న వైపు చూశాను, అక్క వైపు చూశాను. నాయన వైపు చూస్తే ఆయన తల వంచుకుని తన ఇడ్లీల వైపు చూస్తున్నాడు.