అట్టముక్క మీద రెండు గుంటలు

సైకిల్ చాచా చనిపోయాడని తెలిసి నేను ఏడుస్తుంటే మా అమ్మ అన్న మొదటి మాట: "గాయన నీకేమైతడని గింత ఏడ్పు?" నాన్నైతే, స్కూటీ కొనియ్యలేదన్న అలకే ఇట్లా బయటపడుతోందని తేల్చేశాడు. మా ఇంట్లో నన్ను ఎప్పుడూ ఇట్లాగే అర్థం చేసుకుంటారు. డిగ్రీ అయి రెండేళ్ళు. రోజూ హనుమకొండకు కోచింగు కోసం సైకిలు మీద పోవడం కూడా వాళ్ళకు అలకే. రోజు మొత్తంలో ఆ దారి ఒక్కటే నాదని చెప్తే ఎవరికీ ఎక్కలేదు.

చాచాది మా గల్లీ చివర రిపేరు దుకాణం. పొద్దున నమాజుకు లేచి, కాళ్ళు కడుక్కుంటూనే కూలబడ్డాడట. దవాఖానకు చేరకముందే అయిపోయింది.

పోయిన ఎండాకాలం సీటు నొప్పితో ఆయన దగ్గరికి పోయాను. మీలో సైకిలు తొక్కిన ఆడవాళ్ళకు వివరించక్కర్లేదు. కూర్చుంటే నొప్పి, దిగితే తిమ్మిరి, తొడలు ఒరుసుకుపోయి మంట. నా నడక చూసి అమ్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకపోయింది. ఆమె సీటు సంగతి అడగనే లేదు, "సైకిల్ బంద్ చెయ్యి" అంది. ఇంట్లోనూ అదే మాట. నేను వినలేదు. సీటు మీద స్పాంజి తొడుగు, దాని మీద జెల్ తొడుగు, ఆపైన మడిచిన టవలు వేసుకున్నాను.

చాచా ఒక్కొక్కటీ ఊడదీసి నా చేతుల్లో పెట్టాడు. "ఏంది బిడ్డా, సీటా, పెండ్లిపరుపా?"

"మెత్తగుంటదని చాచా."

"మెత్తగుంటే లోపటికి దిగుతవ్. దిగితే వత్తుకుంటది. బొక్కల మీద కూసోవాలె, కండ మీద కాదు."

ఎక్కడ నొస్తుందని ఆయన అడగలేడు, నేను చెప్పలేను. అందుకు ఆయన దగ్గర ఒక ఉపాయం ఉంది. స్టూలు మీద అట్టపెట్టె ముక్క వేసి, "జర గట్టిగ కూసో" అని, గోడ దిక్కు తిరిగి నిలబడ్డాడు. నేను లేచాక అట్టను వెలుతురుకు పట్టి, అందులో పడ్డ రెండు గుంటల మధ్య దూరాన్ని పుల్లతో కొలిచాడు.

"నీకు ఈ సీటు సన్నం. నీ తప్పేం లేదు, ఫికర్ చెయ్యకు."

నీ తప్పేం లేదని ఆ ఏడాది నాతో అన్నది ఆయనొక్కడే.

సీటు ముక్కు కిందికి దించి, సమంగా ఉందో లేదో చూడడానికి తను తాగుతున్న చాయి గ్లాసు దాని మీద పెట్టాడు. చాయి ఏ దిక్కూ ఒరగకుండా నిలిచేదాకా నట్టుతో కుస్తీ. అరిగిన నట్టు, వారానికోసారి మళ్ళీ బిగించేవాడు. నొప్పి సగం తగ్గింది. మిగతా సగానికి తోలు సీటు చేస్తానన్నాడు. వెడల్పాటి పాత చట్రం వెతికి, తోలు నానబెట్టి, నా అట్ట కొలతకు సాగదీసి మేకుకు తగిలించాడు. ఎప్పుడడిగినా ఒకటే మాట: "తోలును తొందరపెట్టొద్దు. ఆరాలె."

ఆయన సీటుకు మాత్రం గోనెసంచి చుట్టి ఉండేది. "నీదెప్పుడు చేసుకుంటవ్ చాచా?" అంటే, "నాకు అలవాటైంది తీ" అనేవాడు. తొక్కేటప్పుడు ఎడమకు ఒరిగేవాడు. అది ఆయన తీరు అనుకున్నాను. నొప్పి అనుకోలేదు.

ఆయన పోయిన వారానికి దుకాణానికి పోయాను. చాచీ గడప మీద కూర్చుని ఉంది. మేకు ఖాళీ.

"నల్లటి తోలు సీటు చాచీ, నా కోసం..."

"నాకేం తెల్సు బిడ్డా, తుక్కు ఆటోల అన్నీ కలిపే ఏసిన్రు."

లోపలికి పోయి నా అట్టముక్క తెచ్చిచ్చింది. వెనక ఉర్దూలో ఏదో రాసి ఉంది. చదవమన్నాను. "కోచింగు బిడ్డ" అంది.

హనుమకొండలో మూడు దుకాణాలు తిరిగాను. "లేడీస్ సీటంటే ఒకటే సైజు మేడం" అని జెల్ తొడుగులు చూపించారు. అట్ట తీస్తే నవ్వారు. ఇప్పుడు నట్టు నిలవడం లేదు, సీటు ముక్కు పైకి లేచింది, నొప్పి మొదటికొచ్చింది. నిన్న సీటు మీద చాయి గ్లాసు పెట్టి చూశాను. ఒక దిక్కే ఒరిగింది.

అట్టముక్క నా పుస్తకాల మీద ఉంది. వానల చెమ్మకు మెత్తబడి, గుంటలు మెల్లగా పూడుకుపోతున్నాయి.

సైకిలు అమ్మేస్తున్నాను. ఇంట్లో వాళ్ళ మాట విన్నాననుకుంటారు. స్కూటీ కొనిచ్చినా ఎక్కను.