అంగీ తొడిగే ఇయ్యుండ్రి

మా నాయనమ్మ పోయింది. మొన్న పొద్దున బాపు బొగ్గు బాయి పనికి బయలుదేరుతుంటే, గోడకు ఆనుకొని కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగింది. వచ్చినవాళ్లంతా "పెద్ద పానం, బాధపడకుంట పోయింది" అంటున్నారు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను, చదువు కూడా అయిదో తరగతితోనే ఆగింది. కానీ ఆమె గురించి ఒక సంగతి చెప్పాలి. అది మగపిల్లలు చెప్పే మాట కాదని నన్ను కన్న మా అవ్వ అంటుంది. చెప్పనిస్తలేదు కనుకే రాస్తున్నాను.

శ్రీరాంపూర్‌లో మాది రెండర్రల ఇల్లు. ముట్టయిన ఆడవాళ్లు వెనక రేకుల కింద ఉండాలి. ఆ పద్ధతి పెట్టింది నాయనమ్మే. బయటున్న తల్లి చంటిబిడ్డకు పాలివ్వాలంటే, ముందు బిడ్డ ఒంటి మీది బట్టలు విప్పాలి. మైల బట్టకు అంటుతుందట, ఒట్టి ఒంటికి అంటదట.

పాప పుట్టకముందు మా వదినకు నెలనెలా సరిగ్గా వచ్చి ఆగిపోయేది. పాప పుట్టాక ఆ లెక్క పోయింది. కొన్నాళ్లు అసలు రాలేదు. తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది, వస్తే తొందరగా ఆగేది కాదు. తలస్నానం చేసి ఇంట్లోకి వచ్చిందో లేదో, మళ్లీ రేకుల కిందికి పోయేది.

"పని తప్పించుకునుడు మంచిగ నేర్సింది" అని అవ్వ దెప్పేది. వదిన ముఖం పాలిపోయి ఉండేది. ఎదురు చెప్పేది కాదు.

చలికాలం. వదిన మళ్లీ రేకుల కిందే ఉంది. పాపకు దగ్గు. పాల కోసం అవ్వ దాని అంగీ విప్పి గడప అవతల చాప మీద పడుకోబెట్టగానే పాప ఒణికి గుక్కపట్టింది. బొగ్గుల పొయ్యి దగ్గర కూర్చున్న నాయనమ్మ లేచింది. అవ్వ చేతిలోని అంగీ గుంజుకొని పాపకు తొడిగి, తన కొంగు చుట్టి, గడప దాటి వదిన పక్కనే కూర్చుంది.

"అత్తా, గదేంది! మైల గాదా? నువ్వే గద సెప్పినవ్!"

"సెప్పిన. గప్పుడు నాకు బుద్ధి లేదు. ఇయ్యాల్టి సంది అంగీ తొడిగే ఇయ్యుండ్రి."

"ఊరోళ్లు ఏమంటరు?"

"ఊరోళ్లొచ్చి పాలిస్తరా? గీడు పుట్టినంక నీకు గిట్లనే కాలేదానె? గోడకు మొకం పెట్టి ఏడ్సినవ్. యాదికి లేదా?"

గీడు అంటే నేనే. అవ్వ నా వైపు చూసి "మగపోరడున్నడు" అని గొణిగింది. నేను జారుకోబోయాను.

"నిలవడురా. రేపు నీకు పెండ్లాం రాదా? పిల్లలైనంక ఆడోళ్ల ఒళ్లు మునుపటి లెక్క నడువదు. గది తప్పు గాదు. గానీ గింత నెత్తురు పోతుంటే సూసుకుంట కూసునుడు తప్పు."

మరునాడే నాయనమ్మ వదినను మంచిర్యాల దవాఖానకు తీసుకుపోయింది. పాపను నేను ఎత్తుకున్నాను. బస్సులో ఒకామె ఏమైందని అడిగితే, "ముట్టు ఎక్కువైతుంది, సూపెట్ట పోతున్నం" అని బస్సంతా వినేటట్టు చెప్పింది. నేను కిటికీ వైపు తిరిగాను.

"గటేం జూస్తవ్‌రా, బొగ్గు లారీలే గద" అంది.

కాన్పయ్యాక, పాలిచ్చే రోజుల్లో అటూ ఇటూ కావడం మామూలేనని, ఇంత ఎక్కువ పోతుంటే మాత్రం ఊరుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. వదిన ఒంట్లో రక్తం తగ్గిందని మందులు రాసింది. ఆ సాయంత్రం నాయనమ్మ వదిన చాపను లోపల తన పక్కనే పరిచింది. ముట్టుతో లోపలికేమిటని బాపు గులిగితే ఒకటే మాట అన్నది:

"బాయిలకెల్లి మసితోని నువ్వొస్తే ఇంట్లకు రానిస్తలేనా?"

బాపు కాళ్లు కడుక్కోను పోయాడు.

మొన్న నాయనమ్మ పోయిన నాడు వదిన ముట్టులోనే ఉంది. స్నానం చేయించడానికి ముందుకొస్తే వాడకట్టు ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు.

"బయటున్నవ్ గద బిడ్డా, పీనుగను ముట్టద్దు."

"నేనే పోస్త" అంది వదిన. ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు. ఆడవాళ్లంతా అవ్వ వైపు చూశారు. అవ్వ వేడినీళ్ల కాగులో చెంబు ముంచి వదిన చేతికి ఇచ్చింది.

"పొయ్. నీళ్లు సల్లగైతయ్."

వదిన పోస్తుంటే నాయనమ్మ తెల్ల జుట్టు మీద నుంచి ఆవిరి లేచింది. నీళ్లు వాకిట్లోని బొగ్గు నుసిని తోసుకుంటూ, అడ్డం నిలబడ్డవాళ్ల కాళ్ల మధ్య నుంచి పారాయి. మైల అంటుతుందని ఎవరూ కాళ్లు వెనక్కి తీసుకోలేదు.