ముక్కులో తాటిముంజలు

నాకు వాసన తెలియడం లేదన్న సంగతి చల్లపల్లి నుంచి వస్తున్న బస్సులో బయటపడింది. బయల్దేరేటప్పుడు మా అత్తగారు ఒక సంచి చేతికిచ్చి, "అమ్మాయికిష్టం బాబూ, జాగ్రత్త" అన్నారు. ఏముందని నేను అడగలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పామర్రు దాటేసరికి సగం బస్సు ముక్కులు మూసుకుంది. నా పక్కాయన లేచి వెనక సీటుకు వెళ్ళిపోయాడు. కండక్టరు వచ్చి, "ఎండుచేపలు ఎవరివండీ? డిక్కీలో పెట్టించండి" అన్నాడు.

"నలుగురూ ఎక్కే బస్సులో ఆమాత్రం ఇంగితం ఉండాలండీ" అని నేనూ వంత పాడాను.

అతను నా ముఖాన్నీ, ఒళ్ళోని సంచినీ మార్చి మార్చి చూశాడు. "అయితే దించండి మరి" అన్నాడు.

భవానీపురంలో ఇంటికొచ్చి చెబితే నా భార్య పడీపడీ నవ్వింది. నవ్వాగాక, "జలుబు జలుబంటూ ఎన్నాళ్ళు నెట్టుకొస్తారు? రేపు డాక్టరు దగ్గరికి పదండి" అంది.

డాక్టరమ్మ సన్నటి కెమెరా గొట్టం ముక్కులోకి పంపి తెర చూపించారు. రెండు వైపులా తెల్లగా, నిగనిగలాడుతూ ఏవో వేలాడుతున్నాయి.

"తాటిముంజల్లా ఉన్నాయండీ" అన్నాను.

"పాలిప్స్ అంటారండి. ఇయోసినోఫిల్స్ అని కొన్ని తెల్ల రక్తకణాలుంటాయి. ఒంట్లో నులిపురుగుల్లాంటివి చేరితే పోరాడేవి అవే. మీ ముక్కులో పురుగూ లేదు, పుట్రా లేదు. అయినా వచ్చి మకాం పెట్టి, మీ సొంత పొర మీదే యుద్ధం చేస్తున్నాయి. అది వాచి ఇలా దిగింది."

"ఎవరు రమ్మన్నారండీ వాటిని?"

"వేరే కణాలు కబురు పెడుతుంటాయి. ఎందుకు పెడతాయో పూర్తిగా తెలీదు. ఆపరేషన్ చేస్తే దారి తెరుచుకుంటుంది గానీ కబుర్లు ఆగవు. ముక్కులో కొట్టుకునే స్ప్రే మాత్రం మానకూడదు."

ఆపరేషన్ అయ్యాక నా భార్య రోజూ పరీక్షలు పెట్టేది. ఇంగువ, కర్పూరం, కాఫీ వరసగా ముక్కు కింద పట్టేది.

"ఏమన్నా తెలిసిందా?"

"కాఫీ వేడి తెలిసింది."

ఆవిడ గ్లాసు వెనక్కి పట్టుకుపోయేది. నాకూ లోపల దిగులుగానే ఉండేది.

ఒక ఉదయం ఆఫీసుకు వెళ్తూ హెల్మెట్ పెట్టుకుని, వెంటనే తీసేశాను.

"ఇందులో ఏదో చచ్చిందే" అన్నాను.

"ఏమీ చావలేదు. అది మీ తల వాసన. ఉతకమని ఎన్నాళ్ళ నుంచో మొత్తుకుంటున్నాను" అంది. మరుక్షణం ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆవిడ కళ్ళు చెమర్చాయి. నేను మెట్ల మీద కూర్చుని ఆ హెల్మెట్‌నే మళ్ళీ మళ్ళీ వాసన చూశాను.

ఆ రోజు ఆఫీసుకు ఆలస్యమైంది. ఎందుకని అడిగితే, "ఇంట్లో చారుకు పోపు పెడుతున్నారండీ" అని ఉన్నమాటే చెప్పాను.