కాటా వేశాక తరుగు

నేను చేసే పని గురించి రాయగడలో మా బంధువులకు చెప్పి గెలిచిన రోజు లేదు. బరువైన మీసాన్లని కొన్ని కణాలుంటాయి. ఒక క్వార్కు, ఒక యాంటీక్వార్కు జతకడితే ఒక మీసాను. పుట్టిన వెంటనే పోతుంది. ఇంకా ఎవరి కంటా పడని మీసాను ద్రవ్యరాశి ఎంతుంటుందో నేను ముందే లెక్కగట్టి చెప్పాలి. దానికి పీహెచ్‌డీ ఇస్తారు.

"పుట్టనోడికి తూకమేటమ్మీ?" అంది మా అత్త. ఆ ప్రశ్నకు నా థీసిస్‌లో జవాబు లేదు.

మా నాన్నది చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. కొల్నార వైపు కొండల నుంచి ఆడవాళ్లు బస్తాలు తెస్తారు. నాన్న ముందు కాటా వేసి, అంకె చూసి, ఆ తర్వాత తీరిగ్గా తరుగు చెబుతాడు. తడికి ఇంత, పిక్కలకు ఇంత కోత. బరువు ఎక్కువొచ్చిన రోజున చింతపండుకు తడి కూడా ఎందుకో ఎక్కువే ఉంటుంది. ఆ తరుగేదో కాటాకి ముందే చెప్పమని ఇంటర్ రోజుల్లో పోట్లాడాను. నవ్వి, టీ తాగమన్నాడు. నాకు సిగ్గేసేది. లెక్క లెక్కలాగే ఉండే చోటికి పోదామని ఫిజిక్స్ తీసుకున్నాను. ఎంత తెలివో చూడండి.

ఇప్పుడు కోరాపుట్‌లో ఒక అద్దె గది, ఒక ల్యాప్‌టాప్, వేరే రాష్ట్రం నుంచి అప్పుడప్పుడూ తెరమీద దర్శనమిచ్చే గైడు. మా మోడల్లో కొన్ని స్థిరాంకాలుంటాయి. వాటిని తెలిసిన మీసాన్లకు సరిపోయేలా సర్ది, తెలియనివాటి గురించి చెప్పాలి. అలా ఒక మీసానుకు నాకో సంఖ్య వచ్చింది. ఆ పేపరు అచ్చయితేనే థీసిస్ తీసుకుంటారు. ఫెలోషిప్ అప్పటికే అయిపోయింది. సరిగ్గా పేపరు పంపబోయే వారంలో విదేశాల్లో ఎవరో ప్రయోగం చేసి ఆ మీసానును పట్టుకుని కొలిచేశారు. నా సంఖ్య బాగా ఎక్కువ.

గైడు ఏమాత్రం కంగారుపడలేదు. ఒక స్థిరాంకాన్ని కొంచెం జరిపి, నా సంఖ్యను ఆ కొలతకు కలిపేయమన్నారు. పేపరు పేరులో 'ముందస్తు అంచనా' అన్న మాట మాత్రం తీయొద్దన్నారు. అందరూ చేసేదేనట. తిలాపాపం తలాపిడికెడు.

ఆదివారం రాయగడ వెళ్లి, కొట్లో కూర్చుని నాన్నకు ఇదంతా చెప్పాను. ఎదురుగా ఒక కొండామె తెచ్చిన బస్తా కాటా మీద ఉంది. నాన్న ముఖం విప్పారింది. ఇన్నేళ్లకు నా చదువు ఆయనకు అర్థమైంది.

"మీ సారు మంచోడేనమ్మీ. తూకం సూడకుండా తరుగెవుడు సెప్తాడు?"

అంటూనే ఆమె వైపు తిరిగి ఒడియాలో రెండు కిలోలు తరుగన్నాడు. ఆమె కాటా వైపే చూస్తూ నిలబడింది. నాకు ఒళ్లు మండింది. అక్కడే ఫోన్ తీసి, స్థిరాంకం జరపనని, పాత సంఖ్యనే, అది తప్పిందన్న మాటతో సహా పంపుతానని గైడుకు రాసి, నాన్నకూ చదివి వినిపించాను.

"నువ్వు సెప్పింది తప్పని నువ్వే సెప్పేసుకున్నావేటి?" అన్నాడు నాన్న.

"అవును నాన్నా."

"యాపారానికి పనికిరావమ్మీ."

సైన్సుకూ పనికిరానని సాయంత్రానికి గైడు జవాబిచ్చారు. పాత సంఖ్యతోనే పంపిన పేపరు జర్నల్ నుంచి వెనక్కి వచ్చింది. థీసిస్ నా గదిలోనే ఉంది. సెమిలిగుడలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. భయంగానే ఉంది. ఇన్నేళ్లలో నేను నిజంగా ముందే చెప్పిన మాట ఆ సంఖ్య ఒక్కటే, అదీ తప్పింది.