లేవి అడిగిన అధికారం

బండలపల్లెలో మేయరనే పదవి పుట్టడానికి చాలా ముందు నుంచే లేవిని అందరూ ఎగతాళికి 'మేయరు' అని పిలిచేవాళ్లు.

ఎర్రగుంట్ల దాటి నాపరాతి గనుల వైపు తిరిగితే, రెండు సిమెంటు ఫ్యాక్టరీల మధ్య ఇరుక్కుపోయిన నాలుగు ఊళ్లు కనిపిస్తాయి. వాటిలో పెద్దది బండలపల్లె. లేవి ఆ ఊరి చర్చి వీధి మనిషి. మీసాలు రాకముందే ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట పనికి కుదిరాడు. ఆ దుమ్ములోనే పెళ్లీడుకొచ్చాడు, ఆ దుమ్ములోనే తండ్రయ్యాడు. ఊపిరితిత్తులు చెడిపోయి, బస్తా ఎత్తితే కళ్లు తిరిగే స్థితికి వచ్చాక, రేపట్నుంచి రావద్దని కంట్రాక్టరు గేటు దగ్గరే చెప్పేశాడు. ఆ తరువాత ఇంటిని నడిపింది అతని భార్య ఏసుమణి. బడిలో మధ్యాహ్నం అన్నం వండేది. కొడుకు శామ్ పెద్దవాడై సిమెంటు లారీ ఎక్కేదాకా ఆమె పొయ్యి మీదే వాళ్ల బతుకు గడిచింది.

లేవికి ఆ మేయరు పిచ్చి పట్టింది ఒక బస్సు ప్రయాణంలో. గనులు లోతు పడేకొద్దీ ఊళ్లో బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. మిగిలిన ఒక్క బోరూ సున్నపు నీళ్లు పోస్తోంది. లేవి, అతని స్నేహితుడు సుబ్బయ్య ఆ నీళ్లను సీసాలో పట్టుకుని కడపకు పోయారు. సుబ్బయ్యకు ఊరి పక్కనే శనగ చేను ఉంది. దుమ్ము పడి పూత మాడిపోతోందని అతని బాధ. కలెక్టరాఫీసులో ఒకరు గనుల శాఖకు పొమ్మన్నారు. గనుల శాఖ వాళ్లు నీళ్ల శాఖను చూపించారు. అక్కడి గుమాస్తా సీసాను వెలుగుకు పెట్టి చూసి, ఇది ఇక్కడ తేలేది కాదు, విజయవాడ పోవాలన్నాడు.

తిరుగు బస్సులో లేవి సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్రగుంట్ల దాటాక అన్నాడు:

"సుబ్బన్నా, మన నీళ్ల సంగతి తేల్చే మనిషి యాడుండాడో మనకు తెలీదు. తెలిసినా వాడు మన మొగం సూడడు. మనం ఓటేసినోడు, మన మధ్యన కూసోని, ఈ ఫ్యాక్టరీ వాళ్లను పిలిపిచ్చి అడిగే అధికారం ఉన్నోడు కావాల. నాలుగూళ్లకూ ఒక్కడు."

"సర్పంచులు ఉండారు గదప్పా?"

"సర్పంచికి ఏముండాది? వీధి లైటు మార్చేదానికి గూడా ఇంకొకరి సంతకం కావాల. పట్నాలకు మేయరు ఉంటాడు సూడు, అట్లాంటోడు కావాల. అదీ, కౌన్సిలర్లు వాళ్లలో వాళ్లు ఎన్నుకునేది కాదు. జనమే నేరుగా ఓటెయ్యాల."

ఆ రోజు నుంచి అతనికి అదే మాట. టీ అంగట్లో అదే, యూనియను మీటింగులో అదే. ఆదివారం ఆరాధనలో పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చెప్పమంటే, ఒకరు జ్వరమని, ఒకరు కూతురి కాన్పని చెప్పేవాళ్లు. లేవి లేచి, నాలుగూళ్లకూ అధికారం రావాలని ప్రార్థించమని అడిగేవాడు. పిల్లలు కిసుక్కుమనేవాళ్లు. ఏసుమణి సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"దేవుని సన్నిధిలో గూడా నీ మేయరు గోలేనా?" అనేది ఇంటికొచ్చాక.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు గదమ్మే. ఆ పూజారి కడపలో ఉండాడు, విజయవాడలో ఉండాడు. ఈడికి తెచ్చుకుందామంటాండా."

ఆయాసపడుతూనే ఊరూరా తిరిగాడు. అర్జీలు రాయించాడు. కలెక్టరు వచ్చిన ప్రతిసారీ దారిలో నిలబడ్డాడు. రెండుసార్లు పోలీసులు జీపులో ఎక్కించుకుపోయి సాయంత్రానికి వదిలిపెట్టారు.

చివరికి ఒక ఏడు అది వచ్చింది. నాలుగు పంచాయతీలనూ కలిపి బండలపల్లె ప్రాంత పాలక సంస్థ అని పెట్టారు. నీళ్లు, రోడ్లు, ఇళ్ల ప్లాన్లు, ఏ భూమి దేనికి వాడాలనే నిర్ణయం, అన్నీ దాని చేతికే వచ్చాయి. దానికి అధిపతి మేయరు, మేయరును జనం నేరుగా ఎన్నుకోవాలి. టీ అంగట్లో సుబ్బయ్య పేపరు పైకి చదువుతుంటే లేవి గోడకు ఆనుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ వారం ఎవరూ అతన్ని ఎగతాళి చేయలేదు.

నామినేషన్లు మొదలవగానే లేవి తన పేరు ఇచ్చాడు. అతనికి ఎదురు నిలబడింది భూపేష్. ఫ్యాక్టరీలకు తిరిగే లారీల్లో సగం అతనివే. తండ్రి తాతల నాటి చేలన్నీ గనులకు లీజుకిచ్చి, ఆ రాబడితో లారీలు కొన్న కుటుంబం. "నాలుగూళ్లకు మేయరు దేనికప్పా, గొర్రెలు లెక్కపెట్టేదానికా?" అని నిన్నమొన్నటిదాకా నవ్వినవాడే, అందరికన్నా ముందు ఫ్లెక్సీ కట్టించాడు.

ఒక ఉదయం భూపేష్ చర్చి వీధికి వచ్చాడు. అతని తండ్రి ఏనాడూ ఆ వీధి మలుపు దాటి లోపలికి రాలేదు. ఇతను మాత్రం లేవి ఇంట్లో మంచం మీద కూర్చుని, ఏసుమణి ఇచ్చిన నీళ్లు తాగాడు.

"లేవన్నా, నీ కష్టం నాకు తెలీదా? ఇది వచ్చిందంటే నీ పుణ్యమే. పెద్ద సన్మానం చేస్తాం. నామినేషను మాత్రం వెనక్కి తీసుకో."

"జనం ఎవరికేస్తే వాళ్లే భూపేషన్నా. ఇన్నేండ్లు అడిగింది దానికే గదా."

భూపేష్ నవ్వి లేచాడు. గుమ్మంలో నిలబడి ఉన్న శామ్ భుజం మీద చెయ్యి వేసి, "ఏం శామూ, బండి బాగా నడుస్తాండాదా?" అని అడిగి వెళ్లిపోయాడు. శామ్ నడిపేది అతని లారీనే.

జీపు మలుపు తిరగగానే శామ్ తండ్రి ముందు నిలబడ్డాడు.

"నాయనా, ఆయన అడిగింది బండి గురించి కాదు. నీకు అర్థమైందా?"

"అయింది."

"నన్ను దిగమంటే ఇంకెవురు ఎక్కిచ్చుకుంటారు? ఈడ లారీలన్నీ వాళ్లవే, లేకుంటే వాళ్ల బంధువులవే. నాకూ పెండ్లాం బిడ్డలు ఉండారు."

లేవి వెనక్కి తగ్గలేదు. సుబ్బయ్య ఒక్కడే తోడు రాగా ఇల్లిల్లూ తిరిగాడు. అందరూ మర్యాదగా కూర్చోబెట్టారు. నీకు కాక ఇంకెవరికేస్తామన్నా అన్నారు. ఓట్లు లెక్కించిన రోజు చూస్తే, చర్చి వీధి వాళ్లు ఓటేసిన పెట్టెలో కూడా లేవికి పడినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. భూపేష్ గెలుపు ఊరేగింపు డప్పులు చర్చి వీధి పిల్లలే కొట్టారు.

ఏసుమణి అతనికి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

"వీధిలో వాళ్లను తిట్టుకోవద్దు," అంది. "నా ఓటు గూడా నీకెయ్యలేదు."

లేవి చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"శామ్ నా కాళ్లు పట్టుకున్నాడు. వాడు బండి దిగితే మనుమరాళ్లకు పాలు లేవు. నువ్వు గెలిచినా ఆ ఫ్యాక్టరీ వాళ్లు నీ మాట ఇనేది లేదయ్యా. ఆయనయితే ఇంటారు. జనానికి అది తెలుసు. నీకే తెలీదు."

అతను కోపగించుకుంటాడనుకుంది. అతను ముద్ద తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, బయట అరుగు మీద పడుకున్నాడు. ఆ తరువాత చాలా రోజులు ఆమెతో అవసరానికే మాట్లాడాడు.

మేయరు ఏమీ చేయలేదంటే అబద్ధమవుతుంది. ఏడాది తిరగకముందే మైలవరం డ్యాం నీళ్లు పైపుల్లో వచ్చాయి. వీధి వీధికీ కొళాయి వేశారు. కొళాయి కింద బిందె పెట్టిన ప్రతి ఆడమనిషీ భూపేష్ పేరు తలుచుకుంది. ఏసుమణి కూడా తలుచుకుంది. లేవి ఆ నీళ్లే తాగాడు. నీళ్లు బాగున్నాయి. తను అడిగింది నిజమే, వచ్చింది నిజమే, అందులో తన ఊసు మాత్రం లేదు.

రెండో ఏడు ఎండలు ముదిరే వేళకు చర్చి వీధి వాళ్లంతా అతని ఇంటి ముందుకు వచ్చారు. ముందు అయ్యగారు నిలబడ్డారు. ఊరి బయట సమాధుల తోట మీదుగా లారీలకు కొత్త రోడ్డు వేస్తున్నారట. మనుషులు వచ్చి కొలిచి, హద్దుకు ముగ్గు గీత కూడా పోసిపోయారు. ఆ తోటలో నాలుగు తరాల వాళ్లున్నారు. లేవి తల్లి ఉంది. ఫ్యాక్టరీలో పైనుంచి పడి చనిపోయిన అన్న ఉన్నాడు. నడక రాకముందే పోయిన అతని మొదటి బిడ్డ రెజీనా ఉంది.

"నువ్వే మాట్లాడాల లేవన్నా. ఇట్లాంటివి నీకు తెలుసు," అన్నారు.

ఓటేసేప్పుడు ఈ మాట ఎక్కడ పోయిందని అడగాలనుకున్నాడు. కానీ చొక్కా వేసుకుని సుబ్బయ్యతో కలిసి బయలుదేరాడు. కడపకు పోనక్కర్లేదు, సంస్థ ఆఫీసు ఊళ్లోనే ఉంది. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి, చాలాసేపు నిలబడి లోపలికి వెళ్లాడు. భూపేష్ బయట కూర్చోబెట్టకుండానే పిలిపించాడు.

"ఏమప్పా లేవీ, కూసో. రోడ్డు సంగతేనా?"

"అది సమాధుల తోట భూపేషన్నా. మా పెద్దోళ్లు ఉండారు. రోడ్డు రవ్వంత పక్కకు జరిపితే సాలు."

"పక్కన ఫ్యాక్టరీ స్థలం ఉండాది. వాళ్లు ఇయ్యరు. తోట సర్కారు బంజరు. మీ పేరు మీద యాడా లేదు. సూడు, లారీలు ఊరి మధ్యన పోకూడదని మీరే గదా ధర్నాలు చేసింది? ఊరి బయట నుంచి దారి ఇస్తాండా."

"కలెక్టరు ఒప్పుకున్నాడా?"

భూపేష్ కుర్చీలో వెనక్కి వాలాడు. గొంతులో వెక్కిరింత లేదు, పాఠం చెప్పే మేస్టరు నిదానం ఉంది.

"కలెక్టరు దేనికప్పా? భూమి దేనికి వాడాలనేది ఇప్పుడు మన చేతిలోనే. మొన్న సమావేశంలో అందరూ చెయ్యెత్తినారు, అయిపోయింది. నువ్వు అడిగింది ఇదే గదా? మన పని మన ఊళ్లోనే తేలాలని."

లేవికి అప్పుడు గుర్తొచ్చింది. ఇదే రోడ్డును ఇదే తోట మీదుగా వేయాలని, శామ్ బడికి పోయే రోజుల్లోనే ఫ్యాక్టరీ వాళ్లు అడిగారు. ఆ కాగితం కడపకు పోయింది, అక్కడి నుంచి ఎక్కడికో పోయింది, ఏ బల్ల కిందో పడి కదలకుండా ఉండిపోయింది. తమ నీళ్ల అర్జీ కదలని చోటే అదీ కదలలేదు. అధికారం దూరాన ఉన్నన్నాళ్లూ తమకు మేలు చేయలేదు, నిజమే. కీడు చేయడానికి కూడా అది ఇంత దూరం నడిచి రాలేదు. ఆ నడకంతా తగ్గించింది తనే.

"కోర్టుకు పోతాం," అన్నాడు సుబ్బయ్య.

"పోండప్పా. వద్దనేదానికి నేనెవురు?" అని భూపేష్ బయటిదాకా వచ్చి సాగనంపాడు.

కోర్టు మాట వీధిలో ఒక పూట కూడా నిలవలేదు. ఎముకలు తీసి పెట్టుకోవడానికి వేరే చోట స్థలం ఇస్తామని, చుట్టూ గోడ కట్టిస్తామని సంస్థ నుంచి కబురొచ్చింది. లారీల మీద పనిచేసే కొడుకులున్నవాళ్లు, ఫ్యాక్టరీలో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తలలూపారు. అయ్యగారు కూడా, దేహం మట్టే కదా లేవన్నా, ఆత్మ దేవుని దగ్గరుందన్నారు.

తవ్వే రోజు పొద్దున్నే అందరూ తోటకు చేరారు. జేసీబీ గట్టు మీద ఆగి ఉంది, డ్రైవరు బీడీ తాగుతున్నాడు. అయ్యగారు పునరుత్థానం వాక్యం చదివారు. తల్లి సమాధి, అన్న సమాధి సిమెంటుతో కట్టినవి, గుర్తుపట్టి ఎముకలు తీసి సంచుల్లో కట్టారు. రెజీనా గుంట మీద అప్పట్లో ఒక బండరాయి నిలబెట్టారు. ఆ రాయి ఎప్పుడు పోయిందో పోయింది. ఇక్కడే అని ఏసుమణి అంది. కాదు, ఆ కంపచెట్టు పక్కన అని లేవి అన్నాడు. శామ్ పార పట్టుకుని రెండు చోట్లా తవ్వాడు. మట్టి తప్ప ఏమీ రాలేదు. అంత చిన్న ఎముకలు మిగలవని ఎవరో మెల్లగా అన్నారు.

ఏసుమణి రెండు చోట్ల నుంచీ ఒక్కో దోసెడు మట్టి తీసి కొంగులో కట్టుకుంది. లేవి వైపు తిరిగి, "తెచ్చుకుంటివి గదయ్యా అధికారాన్ని ఇంటి ముందరికి. ఇంగ సూడు," అంది. వీధి అంతా విన్నది. ఒక్కరూ అడ్డుపడలేదు. లేవి తల దించుకుని, తల్లి ఎముకలున్న సంచి భుజాన వేసుకున్నాడు. నాలుగు అడుగులకోసారి ఆగుతూ కొత్త స్థలం దాకా తనే మోశాడు. శామ్ అందుకోబోతే ఇవ్వలేదు.

వర్షాలకు ముందే రోడ్డు పూర్తయింది. లారీలు ఊరి మధ్యన రావడం తగ్గింది. సుబ్బయ్య చేను ఇప్పుడు ఆ రోడ్డు పక్కనే పడింది. శనగ పూత ఇంకా ఎక్కువ మాడుతోంది. అతను చేనును లారీల పార్కింగుకు లీజుకు ఇచ్చేశాడు. ఆ మాట చెప్పడానికి లేవి దగ్గరికి రాలేక, ఏసుమణితో చెప్పించాడు.

సంస్థ పుట్టిన రోజు పండుగ చేస్తూ లేవికి కబురు పంపారు. పోనన్నాడు. శామ్ బతిమాలాడు, కొత్త బండి ఇస్తామన్నారట. పోయాడు. వేదిక మీద చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. భూపేష్ అతన్ని "ఈ సంస్థకు బీజం వేసిన పెద్దాయన" అని పిలిచి శాలువా కప్పాడు. ఫోటోగ్రాఫరు ఇటు తిరగమంటే తిరిగాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ వేదిక మీద ఏం చెప్పాలో వచ్చేటప్పుడే దారంతా మనసులో కూర్చుకున్నాడు. రోడ్డు గురించి, తోట గురించి, అడగడంలో తప్పు లేదని, అడిగి వదిలేయడమే తప్పని. మైకు తన దగ్గరికి వస్తుందని ఎదురు చూస్తూ కూర్చున్నాడు. జనగణమన పాడేశారు.

ఇంటికి రాగానే ఏసుమణి శాలువా మడత పెడుతూ అడిగింది.

"ఏం మాట్లాడినావు?"

"మాట్లాడమనలేదు."